రాజధానికి వచ్చారు సరే, దిగిందెక్కడ?

నవంబర్ 1 వస్తోందంటే నాయకుల ఫొటోలు, ఒప్పందాల కబుర్లు బయటికొస్తాయి. 1956లో ఆ రోజున ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు పెట్టేబేడా సర్దుకుని రాజధాని హైదరాబాద్ చేరిన గుమాస్తాలు ఎక్కడ కాపురం పెట్టారన్నది ఎవరికీ పట్టదు. వాళ్లలో చాలామందికి చోటిచ్చింది అద్దె ఇళ్లే.

1591లో చార్మినార్ కట్టిన నగరంలో ఆస్థానాల చరిత్ర రాసినంతగా అద్దెల చరిత్ర ఎవరూ రాయలేదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి కొత్త ఇళ్లు కట్టించింది. మిగతావాళ్లకు ఇంటి యజమానే దిక్కు.

అసలు కథ కర్నూలుది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆ ఊరు రాజధాని అయ్యింది. మద్రాసు నుంచి దిగిన ఉద్యోగులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. ఫైళ్లు గుడారంలోనే, పడక గుడారంలోనే! 1954లో హైకోర్టు గుంటూరులో తెరుచుకుంటే న్యాయవాదులు, సిబ్బంది అటు నడిచారు. మూడేళ్లు తిరిగేసరికి అందరూ మళ్లీ మూటలు కట్టి హైదరాబాద్ బాట పట్టారు. నారాయణగూడ, చిక్కడపల్లి, హిమాయత్‌నగర్ వాటాలు ఇలాంటి కుటుంబాలతోనే నిండాయి: ఒక గది, వంటిల్లు, నలుగురికీ కలిపి ఒకే కుళాయి, ముందువైపు యజమాని కాపురం. ప్రభుత్వం చేయలేని పనిని ఆ ఇరుకు వాటాలు చేశాయి. ఆ రుణం చరిత్ర పుస్తకాల్లో కనిపించకపోవడం అన్యాయం.

1960లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకుండా అద్దెదారుకు అండ దొరికింది. కానీ 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలను చట్టం నుంచి తప్పించారు. కొత్త కట్టడాలను ప్రోత్సహించాలన్నది ఉద్దేశం. ఏళ్లు గడిచేకొద్దీ పక్కపక్క ఇళ్లలో ఉండేవాళ్లకే వేర్వేరు న్యాయం అయ్యింది. 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది.

ఆ తర్వాతి కథకు ఒక వరుస లేదు. ఏడాది దాటిన ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి పదకొండు నెలల కాగితం వాడుకలోకొచ్చింది. నడికుడి లైనులో సత్తెనపల్లి నుంచి రైలెక్కే పల్నాటి పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలో గది కాదు, మంచం అద్దెకు తీసుకుంటున్నారు. 2014 విభజన తర్వాత ఉద్యోగులు ఈసారి ఎదురు దిక్కున, విజయవాడ, గుంటూరుల్లో ఇళ్లు వెతుక్కున్నారు. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణలో 1960 నాటిదే నడుస్తోంది. మంచానికి కట్టే అద్దెకు మాత్రం చాలాచోట్ల ఒప్పంద పత్రమే ఉండదు.