కువైట్ క్యాసెట్లూ, ఏటీఎం కార్డంత కంప్యూటరూ

మా ఇంట్లో పాటలు పాడే పెట్టె ఇప్పుడు ఏటీఎం కార్డంత ఉంది. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. ఒకే బోర్డు మీద మొత్తం కంప్యూటర్ అన్నమాట. మా అబ్బాయి కాలేజీ ప్రాజెక్టు కోసం కొని, పని అయిపోయాక అటక మీద పడేశాడు. మొన్న సెలవుల్లో దాన్ని దించి పాటల పెట్టె చేశాడు. ఎట్లా చేశాడో చెప్తాను గానీ, ముందు మా కమలాపురం లాంటి ఊళ్లలో పాట ఇంట్లోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మద్రాసులో ఆలిండియా రేడియో 1938లో మొదలైంది. అప్పటికి మా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి మాకు తొలి రేడియో అదే. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. (ఆకాశవాణి అనే పేరు ఢిల్లీ వాళ్లు పెట్టింది కాదండీ. మైసూరులో గోపాలస్వామి అనే ప్రొఫెసరు 1935లో సొంతంగా పెట్టుకున్న రేడియో కేంద్రానికి ఆ పేరుండేది. తెలుగు చదువుకున్నదాన్ని కదా, ఇట్లాంటివి చెప్పకుండా ఉండలేను.) పగలు ఆ కేంద్రాలు మా వైపు సరిగా అందేవి కావట. పొద్దుగూకినాక మాత్రం మీడియం వేవ్ ఆకాశంలోని పొరకు తగిలి వెనక్కి వంగి దూరాలకు పోతుంది. అందుకే మా మామ చిన్నప్పటి రేడియో జ్ఞాపకాలన్నీ రాత్రివే.

మా మామ రిటైరైన బడిపంతులు. ఎనభై దాటాయి. రేడియో కొంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సిన రోజులు ఆయనకు బాగా గుర్తు. వీధికొక్క రేడియో ఉంటే గొప్ప. 1952లో కేస్కర్ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలు బాగా తగ్గించేశారు. జనం ఊరుకుంటారా? రేడియో సిలోన్‌కు తిప్పేశారు. అక్కడ మీనాక్షీ పొన్నుదురై గొంతులో తెలుగు మాటలూ తెలుగు పాటలూ వినేవాళ్లు. చివరికి సర్కారే దిగొచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టింది. వినేవాళ్లు ముల్లు తిప్పితే మంత్రిగారి మాట కూడా చెల్లలేదని ఇప్పటికీ మామ ముసిముసిగా నవ్వుతారు.

1963లో కడపలోనే కేంద్రం వచ్చింది. 900 కిలోహెర్ట్జ్, అంటే 333.3 మీటర్లు. ఆ అంకె మా తరం పిల్లలకు ఎక్కం లాగా నోటికి వచ్చేది. అదే ఏడాది ఎక్కడో బెర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ అనే చిన్న వస్తువును చూపించింది. అది మా ఊరికి రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. వచ్చింది మద్రాసు నుంచి కాదు, కువైట్ నుంచి.

మా జిల్లా వాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా ఎంతమంది పోయారో! సెలవుకు వచ్చేవాళ్ల చేతిలో టూ ఇన్ వన్ ఉండేది, రేడియో ప్లస్ టేప్ రికార్డర్. దానికో ఎర్ర మీట. అది నొక్కితే మన గొంతు అందులోకి పోతుంది. రేడియోకు లేని గుణం అది. అంతవరకూ పాట బయటి నుంచి ఇంట్లోకి వచ్చేది. ఇప్పుడు ఇంట్లోంచి బయటికి పోవడం మొదలైంది.

మా చిన్న మరిది 1986లో కువైట్ పోయాడు. అప్పటికి నేనింకా ఈ ఇంటికి రాలేదు. మా అత్తకు చదువు రాదు. ఉత్తరం రాయాలంటే మామ రాయాలి. మామకు చెప్పి రాయించలేని మాటలు కొన్ని ఉంటాయి కదా. అందుకని ఆమె క్యాసెట్లు నింపేది. ఊళ్లో ఎవరు కువైట్ పోతున్నా వాళ్ల చేతికి ఒకటి. మొదట ఉత్తరం లాగానే "ఇక్కడ అందరమూ క్షేమం" అని బిగుసుకుపోయి మొదలుపెడుతుంది. తర్వాత బర్రె ఈనిన సంగతి, శనక్కాయలు ఎన్ని మూటలైందీ. మాటలు అయిపోయి టేపు మిగిలితే పాటలు. మంగళహారతులు, విసుర్రాయి పాటలు, పెండ్లిలో వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలు. టేపు ఖర్చు పెట్టి కొన్నది, ఖాళీగా పంపడం ఆమెకు ఇష్టముండేది కాదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. లక్షా డెబ్భై వేల మందికి పైగా మనవాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయికి తెచ్చారు. మా మరిది అందులో ఒకడు. టీవీ, బట్టలు, రావాల్సిన జీతం అక్కడే పోయాయి. చేతి సంచిలో పాస్‌పోర్టు, రొట్టె, పద్నాలుగు క్యాసెట్లు. అత్త 2009లో పోయింది. ఆ క్యాసెట్లు రేకుల బీరువాలో ఉండిపోయాయి.

కమలాపురం ఎండలు తెలుసు కదా, నాపబండలు పరిచిన ఇల్లైనా సరే. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంతపు పొడి పూసిన పూత. వేడికి ఆ పూత వదులవుతుంది. చుట్ట మీద చుట్టగా ఏళ్ల తరబడి ఉంటే ఒక చుట్టలోని శబ్దం పక్క చుట్టకు అంటుకుంటుంది. అందుకే కొన్నిచోట్ల అత్త మాట రాకముందే దాని నీడ లాంటిది సన్నగా వినిపిస్తుంది. మా జిల్లా అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులకెక్కించి అరలో పెట్టారు కాబట్టి మనకు దక్కాయి. మా అత్తకు రాగిరేకులు ఎవరిస్తారు?

ఇక పెట్టె సంగతి. రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో వచ్చింది, 35 డాలర్లకు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని చేశారు. పాటలవాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. ఎందుకంటే అప్పటికి స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టె ఒకటి ఉండేది. ఇంట్లోని కంప్యూటర్లో ఉన్న పాటలను నెట్‌వర్క్ మీద హాల్లోకి తెచ్చేది. దాన్ని లాజిటెక్ కొనుక్కుని, అదే 2012లో ఆపేసింది. కానీ దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉండటంతో అభిమానులు దాన్ని చావనివ్వలేదు. ముప్పై అయిదు డాలర్ల బోర్డునే స్క్వీజ్‌బాక్స్‌గా మార్చేశారు. మా వాడు వేసింది ఆ కుటుంబంలోదే, పైకోర్‌ప్లేయర్. మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా మెమరీ కార్డు చెడిపోదు. మా ఊరికి అన్నిటికంటే ముందు కావలసింది అదే.

మా బోర్డుకు హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది గానీ అందులో శబ్దం గరగరలాడుతుంది. అందుకని పైన ఇంకో చిన్న బోర్డు కూర్చోబెట్టాడు, డాక్ అంటారు. సెకనుకు 44,100 అంకెలను తీసుకుని మళ్లీ శబ్దంగా మార్చడం దాని పని. ఆ వైరు మా పాత స్పీకర్లకు పోతుంది. క్యాసెట్లు ఎక్కించడానికి మాత్రం దారి లేదు, పై లోకి శబ్దం పోయే రంధ్రమే లేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని ల్యాప్‌టాప్‌కు పెట్టాం. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, తొందరపెట్టే వీలు లేదు. కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని వినాలి. వంట చేసుకుంటూ నేనే విన్నాను. గంటకు ఆరువందల ఎంబీ దాటింది.

మామకు చూపు తగ్గింది, ఫోను తెర కనిపించదు. అందుకని వాడు బోర్డు పిన్నులకు ఒక గుండ్రటి మర తగిలించాడు. పాత రేడియోలాగా తిప్పడమే. మొదటి తిప్పుకు కడప, రెండోదానికి వివిధభారతి, మూడోదానికి జేజి.

మామ మొదటి ప్రశ్న "ఇందులో కడప వచ్చాదా?" వచ్చింది. రెండో రోజే తప్పు పట్టారు. "వార్తలు ఆలస్యంగా చెప్తాండారే?" నిజమే. నెట్టులో వచ్చే రేడియో ముక్కలు ముక్కలుగా చేరి, కాసేపు పోగుపడి, అప్పుడు పలుకుతుంది. అర నిమిషం వెనకబడుతుంది. యాభై ఏళ్లుగా ఆ పిప్పుల శబ్దానికి గోడగడియారం సరిచేసిన మనిషికి అది చిన్న విషయం కాదు. "ఒక స్తంభం పాతి జిల్లాకంతా ఊరికే వినిపిస్తాంటే, ఇంటికొక తీగ లాక్కొని నెలనెలా దుడ్లు కట్టేదేంది రా?" అన్నారు మనవడితో. వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆయన ట్రాన్సిస్టర్ అల్మారాలోనే ఉంది, టైము కోసం ఇప్పటికీ అదే పెట్టుకుంటారు.

మూడో తిప్పు జోలికి మాత్రం మూడు వారాలు పోలేదు. ఒక మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే వినిపించింది. హారతి పాట మధ్యలో రైలు కూత వస్తుంది, అత్త పాట ఆపి, రైలు పోయేదాకా ఆగి, ఆపిన చోటి నుంచి ఎత్తుకుంటుంది. మామ వెనక్కి తిప్పి ఆ రైలు దగ్గరే మళ్లీ విన్నారు. "గూడ్సు కాదు, ప్యాసింజరు. కూత చూడు" అన్నారు. ఆ తర్వాత మాటలున్న క్యాసెట్టు వచ్చింది. మామకు చెప్పి రాయించలేని మాటలు అన్నాను కదా, అవి. నేను బియ్యం చేట తీసుకుని పెరట్లోకి వచ్చేశాను.

పద్నాలుగింటిలో తొమ్మిది ఎక్కాయి. రెండింటికి బూజు పట్టింది, ప్రొద్దుటూరులో పాత టేప్ రికార్డర్లు బాగుచేసే ఆయన చూస్తానన్నాడు. మిగతా మూడూ దసరాకు మా వాడు వచ్చినప్పుడు.