ట్రాక్ వాహనాల షాఫ్టుల్లో లోహ అలసట

ఒక్కసారి పడితే లోహాన్ని ఏమీ చేయలేని భారం, లక్షలసార్లు పడితే దాన్ని విరిచేయగలదు. దీన్నే లోహ అలసట అంటారు. ట్యాంకులు, బుల్డోజర్లలో ఇంజన్ శక్తిని ట్రాక్ తిప్పే స్ప్రాకెట్‌కు చేరవేసే షాఫ్టులకు ఈ బెడద ఎక్కువ. బండి మలుపు తిరిగితే బయటివైపు షాఫ్టు మీద బరువు పడుతుంది, ఎదురు మలుపులో రెండోదాని వంతు వస్తుంది. రివర్స్ గేరులో మెలి దిశే మారిపోతుంది.

దీని మీద అందరి దృష్టి పడేలా చేసింది మాత్రం రైళ్లే. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలింజను ఇరుసు విరిగింది. ఆ ప్రమాదంలో, మంటల్లో కనీసం 50 మంది చనిపోయారు. కుదుపులకు ఇనుము స్ఫటికంగా మారి పెళుసుబారుతుందని అప్పట్లో నమ్మేవారు. స్కాట్లండ్ ఇంజనీరు ర్యాంకిన్ 1843లో దాన్ని కాదన్నాడు. ఇరుసు మందం హఠాత్తుగా మారే మూలలో పగులు పుట్టి క్రమంగా లోపలికి పాకుతుందని, ఆ మూలను గుండ్రంగా మలచాలని చెప్పాడు.

అసలైన పునాది వేసింది ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. నడుస్తున్న బండి ఇరుసు ఎంత వంగుతోందో జింకు రేకు మీద గీతగా నమోదు చేసే పరికరాన్ని స్వయంగా తయారుచేసుకున్నాడు. ఆపైన ఇరుసు నమూనాలను బరువు కింద తిప్పుతూ ఏళ్ల తరబడి పరీక్షించి, 1870లో ఫలితాలను ప్రకటించాడు. ఒత్తిడి ఒక హద్దు లోపల ఉంటే ఉక్కు ఎన్ని చుట్లు తిరిగినా విరగదని అందులో తేలింది. 

1903లో యూయింగ్, హంఫ్రీ అనే పరిశోధకులు పగులు పుట్టుకను సూక్ష్మదర్శినిలో చూశారు. 1945లో ఇంజనీరు మైనర్ హెచ్చుతగ్గుల భారాలను కలిపి లెక్కించే సూత్రాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చాడు.

ఈలోగా ట్యాంకులు బరువెక్కాయి. దాదాపు 45 టన్నుల జర్మన్ పాంథర్‌లో ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్‌కు ముందుండే చివరి గేర్ల అమరిక) గేర్లు సగటున 150 కిలోమీటర్లకే పాడయ్యేవని 1947 నాటి ఫ్రెంచి సైనిక నివేదిక చెబుతోంది. అక్కడ తప్పు ప్రధానంగా గేర్లదే.

షాఫ్టుల విషయానికొస్తే, విరిగిన ముఖం చూస్తే కారణం తెలుస్తుంది. పగులు నెమ్మదిగా పాకిన మేర నునుపుగా, చెట్టు వలయాల్లాంటి గీతలతో ఉంటుంది. చివర్లో ఒక్కసారిగా తెగిన భాగం గరుకుగా ఉంటుంది. రెండు దిశల్లోనూ మెలిపడే స్ప్లైన్ (చుట్టూ పళ్లు, పల్లాలు చెక్కిన) షాఫ్టులోనైతే ప్రతి పల్లం నుంచీ పగులు బయల్దేరి, మధ్యలో కలిసి నక్షత్రం ఆకారం తేలుతుంది.

అందుకే స్ప్లైన్ కొసను లావుగా ఉంచి, షాఫ్టు నడుమును సన్నగా చేస్తారు. మెలి చాలావరకు నునుపైన నడుమే భరిస్తుంది. ఉపరితలాన్ని ఇండక్షన్‌తో (విద్యుత్ ప్రేరణతో వేడిచేసి) గట్టిపరుస్తారు. చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి పైపొరలో నొక్కుడు ఒత్తిడి నింపే పద్ధతీ ఉంది. ఆ దెబ్బల తీవ్రతను కొలిచే పట్టీని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ రూపొందించాడు.