శ్వేతసౌధముపై సౌరఫలకములు

1973లో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని నిలిపివేయగా అమెరికాలో ఇంధనపు కొరత ఏర్పడెను. నాటినుండి తరిగిపోని శక్తిమూలములపైకి ఆ దేశపు దృష్టి మరలినది. 1979 జూన్ 20వ తేదీన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్, తన అధికార నివాసమైన శ్వేతసౌధపు కప్పుపై అమర్చిన 32 సౌరఫలకములను ప్రారంభించెను. ఇవి విద్యుత్తునిచ్చునవి కావు, నీటిని కాచునవి. గాజు గుండా చొచ్చిన ఎండను నల్లని రేకు పీల్చుకొని వేడెక్కును. ఆ వేడి గొట్టములలోని ద్రవమునకు చేరును.

ఒక తరము గడచిన పిమ్మట ఇవి ప్రదర్శనశాలలోని వింతవస్తువులైనను కావచ్చును, మహాకార్యమునకు నాందియైనను కావచ్చునని కార్టర్ ఆనాడే సూచించెను. 1986లో, రీగన్ అధ్యక్షుడుగా నున్నప్పుడు, కప్పు మరమ్మతుకై వాటిని దింపిరి, మరల అమర్చలేదు. అవి పనికిరాక కాదు. వాటిలో కొన్ని తరువాత మెయిన్ రాష్ట్రమందలి యూనిటీ కళాశాల భోజనశాలకు ఏండ్ల తరబడి నీరు కాచినవి. ఒకటి మాత్రము వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు చేరినది!

ఫలకములను ఉంచితీరవలెనను చట్టము లేదు. ఒక అధ్యక్షుడు పెట్టినదానిని మరొకరి కాలమున తీసివేయుట సులభమయ్యెను.

2005లో ఈ లోపము కొంత తీరినది. రీగన్ పక్షమునకే చెందిన జార్జి డబ్ల్యు. బుష్ సంతకము చేసిన ఇంధన విధాన చట్టము, కేంద్రప్రభుత్వము వాడు విద్యుత్తులో 2007 నుండి 3 శాతము, 2010 నుండి 5 శాతము, 2013 నుండి 7.5 శాతము పునరుత్పాదక శక్తి ఉండవలెనని విధించెను. ప్రభుత్వ స్థలముననే ఉత్పత్తిచేసి అచ్చటనే వాడిన విద్యుత్తును రెట్టింపుగా లెక్కింతురు. 1000 యూనిట్లు వాడు కార్యాలయమునకు 7.5 శాతమనగా 75 యూనిట్లు. స్వంత కప్పుపై 37.5 యూనిట్లు ఉత్పత్తిచేసి వాడినను చాలును. 2007 నాటి మరొక చట్టము, క్రొత్త కేంద్రప్రభుత్వ భవనములలో వేడినీటి అవసరమున 30 శాతము సూర్యుని వలన తీరవలెననెను. 7.5 శాతపు మెట్టు వచ్చునప్పటికి అధ్యక్షుడు మారెను, పక్షము మారెను, చట్టము మారలేదు.

అయినను ఈ చట్టములలో ఒక వెసులుబాటు కలదు. ఖర్చు గిట్టుబాటు కానిచో నిబంధన వర్తింపదు. ఇచ్చట చూడవలసినది కొన్నవెల మాత్రమే కాదు, యంత్రపు జీవితకాలమంతటి వ్యయము. చమురు చౌకయైనచో అదే ఫలకము ఖరీదైనదిగా తోచును. 1986లో చమురు ధర పడిపోయిన సంగతి గమనింపదగినది. కావున చట్టముతోపాటు లెక్కయు సరిగా ఉండవలెను.

విద్యార్థులు తమ పాఠశాల విద్యుత్ బిల్లును తీసుకొని, అందులో 7.5 శాతమెంతయో కట్టి చూతురుగాక.