ఆర్ కొరోనే బొరియాలిస్ తార : వర్ణపటము తెలిపిన పరిణామదశ

ఆర్ కొరోనే బొరియాలిస్ ఉత్తర కిరీట మండలమునందలి విలక్షణమైన చంచలతార. గ్రీష్మరాత్రులందు మంత్రాలయపు తుంగభద్రాతీరమున నిలిచి చూచువారికి అది మిక్కిలి ఎత్తునకు వచ్చినపుడు నడినెత్తికి సుమారు 12 డిగ్రీలు ఉత్తరముగ, 6వ తరగతి మందకాంతితో, కంటికి ఆనీ ఆనకుండ నుండును. దీని కాంతి హఠాత్తుగ క్షీణించుటను 1795లో ఎడ్వర్డ్ పిగాట్ గుర్తించెను. సుమారు 40 దినముల కొకమారు స్వల్పముగ స్పందించుటయు, తాను వెలువరించిన మసిచేతనే కప్పబడి మరుగగుటయు దీని స్వభావము. 2007లో అట్లు మరుగుపడిన తార పలు సంవత్సరములవరకు తేరుకొనలేదు.

కాంతివక్రమును ఎంత శ్రద్ధతో గీచినను, తార యౌవనమున నున్నదో వార్ధకమున నున్నదో అది ఒక్కటియే నిశ్చయింపజాలదు. ఉపరితలమున నే మూలకము ఏపాటి కలదో తెలుపు వర్ణపటమునకే ఆ శక్తి యధికము. ఇంతటి ఉష్ణముగల తారయందు ప్రస్ఫుటముగ నుండవలసిన ఉదజని రేఖ కానరాదని 1906లో లూడెన్‌డార్ఫ్ కనుగొనగా, కర్బనము అత్యధికమని 1935లో బెర్మన్ గణించెను. ఉదజనియే ఇంధనముగ బ్రతికిన తార దానిని కోల్పోయి, హీలియమును, అది మండగా మిగిలిన కర్బనమును పైకి తెచ్చుకొన్నదనగా, అది చరమదశకు చేరినదని యర్థము.

ఈ వర్ణపట పరిశీలనయందు భారతీయుల పాలును కలదు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేయుచుండ, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన ఖగోళశాస్త్రజ్ఞుడు వైణు బప్పు తరువాతి కాలమున తమిళనాట కావలూరు వేధశాలను నెలకొల్పెను; అచటి 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో ఆయన పేరనే వెలసినది. బప్పు పెంచిన భారతీయ ఖభౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు, అమెరికాయందలి డేవిడ్ లాంబర్ట్‌తో కూడి, ఆర్ కొరోనే బొరియాలిస్ వర్గపు తారల వర్ణపటములను దశాబ్దములపాటు పరిశీలించెను. రేఖ వెంట రేఖను పట్టి కొలుచు ఆ నిదానపు శ్రమయే తదనంతర వాదములకెల్ల ఆధారమైనది.

తార చరమదశకు ఏ మార్గమున వచ్చినదన్నది వేరొక ప్రశ్న. చల్లారనున్న తారయందు హీలియము తుదిసారి ప్రజ్వరిల్లగా అది మరల ఉబ్బెనని ఒక పక్షము. రెండు శ్వేతకుబ్జములు సంయోగము చెందెనని మరియొక పక్షము. ఆమ్లజని-18 ఈ జాతి తారలందు సమృద్ధిగ నున్నదని క్లేటన్ బృందము కనుగొనుటయు, ఫ్లోరిన్ 800 మొదలు 8000 రెట్లు అధికమని 2008లో గజేంద్ర పాండే, లాంబర్ట్, కామేశ్వరరావులు చూపుటయు సంయోగపక్షమునకు బలమైనవి. అయినను, సంయోగమున పుట్టు మహోష్ణమునకు నశింపవలసిన లిథియము ఉత్తర కిరీటపు ఈ తారయందే కానవచ్చుటచేత వివాదము ముగియలేదు.