డైనమిక్ డీఎన్ఎస్ నవీకరణ

డైనమిక్ డీఎన్ఎస్ అనగా తరచు మారే ఐపీ చిరునామాను మారని ఒక డొమైన్ పేరుతో ఎప్పటికప్పుడు జతపరచే పద్ధతి. డీఎన్ఎస్ నమోదులను ఇట్లు మార్చుటకు ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 2136గా 1997 ఏప్రిల్‌లో వెలువడింది. గృహ కనెక్షన్లకు సాధారణంగా శాశ్వత చిరునామా ఉండదు. కరెంటు పోయి రౌటర్ తిరిగి మొదలైనప్పుడు అది మారిపోవచ్చును. ముదిగుబ్బలోని ఇంటి కెమెరాను బెంగుళూరు నుండి చూడదలచినవారికి అప్పుడు పాత నమోదు వేరొకరి కనెక్షనుకు దారి చూపవచ్చును.

అమరిక

లినక్స్‌లో ఇందుకు పెర్ల్ భాషలో వ్రాసిన డీడీక్లయింట్ ప్రసిద్ధం. దీని అమరిక ఫైలులో సేవాసంస్థ, వాడుకరి పేరు, సంకేతపదం, డొమైన్ పేరు వ్రాయాలి. సంకేతపదం అందులో బాహాటంగా ఉంటుంది గనుక ఇతరులు ఫైలును చదవకుండా అనుమతులు తగ్గించాలి. 300 సెకన్లకొకసారి పరిశీలించి, చిరునామా మారితేనే సర్వరుకు తెలపడం మంచిది. మార్పు లేకున్నా పదేపదే పంపే ఖాతాలను సేవాసంస్థలు నిలిపివేయవచ్చును. కంప్యూటరు చూపే 192.168తో మొదలయ్యే చిరునామా ఇంటిలోపలిది, నమోదుకు పనికిరాదు. కనుక బయటి చిరునామాను ఒక వెబ్ సేవ ద్వారా తెలుసుకొనేట్లు అమర్చాలి.

పరిమితి

అన్నిటికంటే ముందు చూడవలసినది ఇదే. రౌటర్‌కు వచ్చిన చిరునామా 100.64 నుండి 100.127 లోపు మొదలైనచో, అనేక ఇళ్ళు ఒకే బహిరంగ చిరునామాను పంచుకొంటున్నాయని అర్థం. అప్పుడు నవీకరణ సక్రమంగా జరిగినా బయటినుండి ఇంటికి దారి ఉండదు. (ఇది తెలియక అమరికలను మార్చిమార్చి విసిగేవారు కలరు.) ఐపీవీ6 గాని, సంస్థ విక్రయించే స్థిర చిరునామా గాని తీసుకోవాలి.