సాంతొనొరే వీధి, మధ్యాహ్నం, వాన

ఫ్రెంచ్ ఇంప్రెషనిస్టు చిత్రకారుడు కామీ పిస్సారో 1897లో వేసిన తైలవర్ణ చిత్రమిది. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 65. పేరు వీధిదే అయినా ముందు భాగమంతా పారిస్‌లోని థియేటర్ ఫ్రాన్సే చౌరస్తా: ఫౌంటెన్, ఆకురాలిన చెట్లు, గుర్రపు బగ్గీలు, గొడుగులు.

పిస్సారో (1830-1903) ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లోనూ పాల్గొన్న ఒకే ఒక్కడు. ముసలితనంలో కంటి జబ్బు పట్టుకుంది; చలిగాలిలో బయట నిలబడి బొమ్మ వేయడం కుదరలేదు. చౌరస్తా ఎదురుగా ఉన్న హోటల్లో గది అద్దెకు తీసుకున్నాడు. ఆ కిటికీలోంచి కనిపించిందే 1897-98లో 15 చిత్రాలైంది. జనం వికారమనే కొత్త వీధులే ఆయనకు వెండిలా మెరుస్తూ కనిపించాయని కొడుకుకు రాసిన ఉత్తరం చెబుతుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పాఠకులకు చలికాలమంటే పొద్దున పొగమంచు, తర్వాత పొడి ఎండ. ఈ బొమ్మలోని చలికాలం మన శ్రావణమాసపు ముసురుకు వణుకు తోడైనట్టుంటుంది. తడి రోడ్డుకు నలుపు పులమలేదు. బూడిద, లేత ఊదా, గోధుమ, తెలుపు గీతలు పక్కపక్కనే పడ్డాయి. మనుషులకు ముఖాల్లేవు, రెండు మూడు కుంచె విసుర్లే మనిషి. దగ్గరికెళితే రంగుల గజిబిజి, నాలుగడుగులు వెనక్కి వేస్తే వాన! హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ చిత్రకారుడు కెనలెట్టో వెనిస్ చౌరస్తా చిత్రం ఉంది. అక్కడ రాజ్యం భవనాలది, ఇక్కడ వెలుతురుది.

అయితే ఈ బొమ్మను ఇప్పుడు లోకమంతా ఎరిగింది కోర్టు కేసు వల్లే. 1939లో జర్మనీ విడిచి పారిపోవడానికి అనుమతి కావాల్సిన యూదు మహిళ లిల్లీ కాసిరర్ దీన్ని నాజీలకు 900 మార్కులకు వదులుకుంది. ఆ డబ్బు స్తంభింపజేసిన ఖాతాలో పడింది, ఆమె చేతికి రాలేదు. దీన్ని అమ్మకం అనడం అన్యాయమే. బొమ్మ చేతులు మారాక 1976లో కళాఖండాల సేకర్త బారన్ థిస్సెన్ కొన్నాడు, 1993లో ఆయన సేకరణను స్పెయిన్ ప్రభుత్వం కొంది. బొమ్మ మాడ్రిడ్ మ్యూజియంలో ఉందని లిల్లీ మనవడు క్లాడ్‌కు 2000లో తెలిసింది, 2005లో అమెరికాలో దావా వేశాడు. 2010లో ఆయన చనిపోయినా కుటుంబం కేసు వదల్లేదు. 2024లో అప్పీలు కోర్టు మ్యూజియం వైపు తీర్పిచ్చింది. 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి, దోపిడీకి గురైన కళాఖండాలపై కాలిఫోర్నియా తెచ్చిన కొత్త చట్టం వెలుగులో మళ్లీ చూడమని వెనక్కి పంపింది.