కంసాలి కుంపటి, 14 కారెట్లు

తమిళనాడు, కర్ణాటకల్లో స్థిరపడిన మన కంసాలి ఇళ్ళలో కుంపటి, ఊదుగొట్టం, దాగలి, గీటురాయి ఉంటే చాలు, మనిషి స్వతంత్రుడు. బంగారం ఖాతాదారు తెచ్చేవాడు. పనివాడికి దక్కేది మజూరీ, కొంత తరుగు. (ఆ తరుగు మీద మనవాళ్ళు పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు.)

ఆ స్వాతంత్ర్యం ఎంత సన్ననిదో 1963 జనవరిలో తేలింది. చైనా యుద్ధం తరువాత వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 కారెట్లకు మించిన కొత్త నగలు చేయరాదన్నాయి. అందులో మేలిమి నూటికి 58 పాళ్ళే. లోహం గట్టిది, సన్నపనికి లొంగదు. 22 కారెట్లకు అలవాటుపడిన ఇల్లాలు దాన్ని మెచ్చదు. దేశమంతటా వేలాదిమంది కంసాలులకు పని పోయింది. 1966లో ఆ పరిమితిని ఎత్తివేశారు. 1968 చట్టం మాత్రం పనివాడికి సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. అది 1990లో రద్దయింది. అప్పటికే మనకు తెలిసిన కొన్ని ఇళ్ళలో దాగలి అటకెక్కింది.